పరదేశంలో బస్సెక్కడం గురించి

మా గార్లదిన్నె చుట్టుపక్కల ఊళ్ళలో ఏప్రిల్ నెల దాటితే కొన్ని ఇళ్ళకు తాళాలు పడతాయి. ఎండకు వెరచి కాదు. అనంతపురం ఎండలో పుట్టి, ఆ ఎండలోనే తలలు నెరిసినవాళ్ళం. దానితో మాకు పేచీ లేదు. కొడుకో కూతురో అమెరికాలో ఉంటారు. తాళంచెవి పక్కింటివారి చేతిలో పెట్టి, తులసికోటకు నీళ్ళు పోయమని చెప్పి, శెనక్కాయల పొడి, ఊరగాయలు సర్దుకొని, ఊరిమీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని దంపతులు బెంగళూరు విమానాశ్రయానికి బయలుదేరుతారు. ఆరు నెలలకు తిరిగివస్తారు.

తిరిగివచ్చినవారు పదిమందిలో చెప్పే సంగతులు నయాగరా జలపాతం, స్వేచ్ఛాప్రతిమ, మనవడి ఇంగ్లీషు. పదిమందీ లేచిపోయాక గొంతు తగ్గించి చెప్పే సంగతి ఇంకొకటి ఉంటుంది: "ఆర్నెల్లు ఇల్లు దాటలేకపోతిమప్పా!" ఈ రెండో సంగతిని గురించి ఎవరూ రాయరు. రాస్తే కన్నబిడ్డలను నిందించినట్టవుతుందని జంకు. నేనూ కొన్నేళ్ళు జంకాను. ఇప్పుడు రాస్తున్నాను. నా కొడుకు చదువుతాడని తెలిసే రాస్తున్నాను.

నేను 2018లో ఉద్యోగ విరమణ చేశాను. మరుసటి సంవత్సరం వేసవిలో డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఒక శివారు పట్టణంలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. ఇల్లు ఇంద్రభవనమే. కొడుకు, కోడలు ఉదయం ఎనిమిది గంటలకు చెరొక కారులో వెళ్ళిపోయేవారు. సాయంత్రం ఆరు దాకా ఆ భవనంలో మేమిద్దరం, చల్లటి యంత్రం చప్పుడు, నేను వెంట తీసుకువెళ్ళిన వ్యాకరణ గ్రంథాలు. ముప్పై ఆరేళ్ళు పిల్లలకు సంధులు చెప్పినవాణ్ణి, తలుపుకూ వీధికీ సంధి కుదుర్చుకోలేకపోయాను.

మూడోవారంలో నా భార్య అన్నమాట నాకింకా చెవుల్లో ఉంది. "ఊర్లో ఉంటే ఒంటిగా అనంతపురం పోయి, గుడ్డలంగడి చూసుకోని, కూరగాయలు తెచ్చుకోని మధ్యాన్నానికి ఇల్లు చేరుతాంటి. ఈడ కొత్తిమీర కావల్లన్నా వాని సెలవు కోసరం చూడల్ల." అందులో ఫిర్యాదు లేదు. పాలలెక్క చెప్పినట్టు చెప్పింది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఒకనాడు పట్టుదల వచ్చి నడక మొదలుపెట్టాను. అంగడి మూడు మైళ్ళ దూరం. నడిచే దారి చక్కగా సిమెంటు పోసి ఉంది, దానిమీద మనిషి మాత్రం లేడు. అరగంటలో ముగ్గురు కారు ఆపి, "బాగున్నారా? ఏమైనా సాయం కావాలా?" అని అడిగారు. మర్యాదస్తులే, వారిని తప్పుపట్టను. కాని ఆలోచించండి: నడుస్తున్నవాడు ఆపదలో ఉన్నాడని లెక్కగట్టే ఊరు అది. ఆ లెక్క అన్నిచోట్లా మర్యాదగా ముగియదు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని మేడిసన్ పట్టణంలో, మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన ఒక గుజరాతీ పెద్దాయన కొడుకు ఇంటి వీధిలో నడుస్తుండగా, ఎవరో అనుమానించి పోలీసులకు ఫోను చేశారు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పోలీసు ఆయనను నేలమీద పడవేయడంతో వెన్నెముకకు దెబ్బ తగిలి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. ఆ సంగతి మా అబ్బాయికి తెలుసు. ఆ సాయంత్రం వాడు నన్ను కోప్పడలేదు, చాలాసేపు మాట్లాడలేదు, అంతే.

డల్లాసులో బస్సులు, రైళ్ళు లేవని కాదు. డార్ట్ అనే రవాణా సంస్థను 1983లో ఆ ప్రాంతపు పౌరులు ఓటు వేసి ఏర్పరచుకున్నారు. 1996 నుండి పట్టాలమీద తేలికపాటి రైళ్ళు కూడా నడుస్తున్నాయి. చిక్కేమిటంటే, అమ్మకం పన్నులో ఒక శాతం ఇచ్చి సభ్యత్వం తీసుకున్న పట్టణాలకే ఆ సేవ. మనవాళ్ళు వేల సంఖ్యలో ఇళ్ళు కొనుక్కున్న ఫ్రిస్కో వంటి పట్టణాలు ఆ సభ్యత్వంలో లేవు. ఇర్వింగులో ఉన్న తెలుగువాడి తండ్రి 2012 నుండి రైలెక్కగలుగుతున్నాడు, ఫ్రిస్కోలో ఉన్న తెలుగువాడి తండ్రి కిటికీ దగ్గర కూర్చుంటున్నాడు. ఇద్దరి కొడుకులూ ఒకే కంపెనీలో పనిచేస్తుండవచ్చు. ఇల్లు కొనేటప్పుడు మన పిల్లలు బడి ఎలాంటిదో విచారిస్తారు, గుడి ఎంత దూరమో విచారిస్తారు, ముఖద్వారం తూర్పుకు ఉందో లేదో మరీమరీ విచారిస్తారు. తల్లి నడిచిపోగల దూరంలో బస్సు ఆగుతుందా అని విచారించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

"టాక్సీ పిలుచుకోండి నాన్నా, ఫోన్లో రెండు నొక్కులు" అన్నాడు మా అబ్బాయి. నొక్కాను. డబ్బు వాడి ఖాతా నుండి పోతుంది, మేమెక్కడ ఎక్కి ఎక్కడ దిగామో వాడి ఫోనుకు కబురు పోతుంది. అరవై దాటినవాడు ప్రతి అడుగుకూ కొడుకు ఫోనులో గంట మోగించి బయటికి వెళ్ళడమంటే, వాడెంత ప్రేమగా ఉన్నా, మనసు ఒప్పదు. రెండుసార్లు వెళ్ళి మానేశాము. ఇక్కడ పల్లెవెలుగు బస్సులో కండక్టరు చేతిలో చిల్లర పెట్టి టికెట్టు తీసుకున్నప్పుడు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదే! ఆ స్వాతంత్ర్యం విలువ నాకు ఆ ఊళ్ళో తెలిసింది.

ఒక చిన్న ప్రస్తావన. మన భాషలో తొలినాటి గొప్ప యాత్రాగ్రంథం ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన 1830 మే నెలలో చెన్నపట్టణం నుండి బయలుదేరి, మన కడప మీదుగానే వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. పల్లకిలో వెళ్ళినా ఆయన దృష్టి మాత్రం వెనుక రాబోయే బాటసారి మీద ఉండేది: ఈ మజిలీలో నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా, దారి రాళ్ళదా రేగడిదా. ఇన్నేళ్ళ తరువాత మనం రాసుకుంటున్న అమెరికా యాత్రావ్యాసాలు చూడండి. జలపాతం ఎత్తు ఉంటుంది, జలపాతం దగ్గరికి బస్సెక్కడ ఎక్కాలో ఉండదు. ఎందుకంటే రాసినవారు బస్సెక్కలేదు, కొడుకు కారెక్కారు. ఈ విషయంలో మనం వీరాస్వామయ్యగారి కంటే వెనుకబడ్డామని నా అభిప్రాయం. ఆ లోటు కొంతైనా తీరుతుందని, 2024లో మేము చూసిన రెండో ఊరి సంగతి కాస్త వివరంగా రాస్తాను.

ఆ ఊరు జెర్సీ సిటీ. హడ్సన్ నదికి ఈవలి గట్టు. ఆవలి గట్టు న్యూయార్కు. మా అమ్మాయి జర్నల్ స్క్వేర్ దగ్గర ఒక పాత అపార్టుమెంటులో ఉంటుంది. డల్లాసు ఇంటిలో నాలుగోవంతు కూడా ఉండదు. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటికి రావాలి. కాని గుమ్మం దిగితే నడిచేంత దూరంలో రైలుస్టేషను, ఇంకొంచెం పోతే నెవార్క్ అవెన్యూలో మనవాళ్ళ అంగళ్ళు, కొత్తిమీర, కరివేపాకు. మొదటి ఉదయమే నా భార్య ఒంటరిగా వెళ్ళి కరివేపాకు తెచ్చింది. కట్ట చేతిలో పట్టుకొని లోపలికి వచ్చిన ఆమె ముఖం నేను వర్ణించబోను.

ఆ స్టేషనులో నడిచే రైలు పేరు పాత్. నది అడుగున సొరంగంలో పోతుంది. ఆ సొరంగంలో 1908లోనే రైళ్ళు నడిచాయంటే ఆశ్చర్యం కలిగింది. ఒక దారి వాణిజ్యకేంద్రానికి, ఇంకొక దారి ముప్పై మూడో వీధికి. అక్కడ దిగితే న్యూయార్కు భూగర్భ రైళ్ళు. అవి మొదలైనది 1904 అక్టోబరు 27న. టికెట్టు అయిదు సెంట్లు. 1948 దాకా ఆ అయిదు సెంట్లు అలాగే ఉంది. మేము తిరిగిన కాలానికి 2.90 డాలర్లు, ఈ 2026 జనవరి నుండి 3 డాలర్లు. పాత్ రైలుకు, ఆ రైళ్ళకు ఛార్జీలు వేరువేరు. ఇది ముందే తెలుసుకోవాలి, లేకపోతే ఒక ప్రయాణానికి రెండుసార్లు ఎందుకు డబ్బు పోయిందని నాలాగా తలగోక్కోవలసి వస్తుంది. నేను కొన్న పసుపుపచ్చటి మెట్రోకార్డు ఇప్పుడు అమ్మరు; 2025 డిసెంబరు చివరితో ఆపేశారు. ఇప్పుడు బ్యాంకు కార్డునో ఫోనునో గేటు దగ్గర తాకిస్తే చాలు. బ్యాంకు కార్డు లేనివారు తాకించే కార్డు విడిగా కొనుక్కోవచ్చు.

నా భార్య ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు ధారాళంగా చదువుతుంది. ఇంగ్లీషులో పెద్దబడి అక్షరాలు, అంకెలు వచ్చు. ఆ నగరానికి అది చాలు! వీధులకు పేర్లు కాదు, అంకెలు. 1811లో గళ్ళు గీసినట్టు నగరాన్ని గీసి అంకెలు వేశారు. ఇరవై ఎనిమిది తరువాత ఇరవై తొమ్మిదే వస్తుంది. రైళ్ళకు కూడా అంకెలు, అక్షరాలు, రంగులు: ఎర్ర గుండ్రంలో 1, 2, 3, ఆకుపచ్చలో 4, 5, 6, ఊదారంగులో 7. మహాపురుషుల పేర్లు వీధులకు పెట్టుకోవడంలో మనకు మహా ఆసక్తి. పండితుణ్ణి గనుక నాకూ అది ఇష్టమే. కాని కొత్తవాడికి, చదువు తక్కువైనవాడికి దారి చూపేది అంకెనే అని నన్ను ఒప్పించినది ఆ నగరం.

అలాగని తప్పిపోలేదా? తప్పిపోయాము. దక్షిణాది ఫలహారశాలలు ఉన్న లెక్సింగ్టన్ అవెన్యూ, ఇరవై ఎనిమిదో వీధికి వెళ్ళాలి. "ఫుల్టన్ స్ట్రీటులో 4 ఎక్కి, పద్నాలుగో వీధిలో దిగి, అక్కడ 6 ఎక్కండి" అని అమ్మాయి కాగితంమీద రాసి ఇచ్చింది. పద్నాలుగు వచ్చింది. అదే రంగు, అదే దిక్కు, కూర్చునే చోటు కూడా దొరికింది, దిగడమెందుకని నేను దిగలేదు. తరువాత వచ్చినది నలభై రెండు! ఆ తరువాత యాభై తొమ్మిది! అప్పుడు దిగాము. నా పాండిత్యం ఏమీ పనికిరాలేదు. నా భార్యకే తోచింది. "మన గార్లదిన్నె మాదిరే! ఇది ఎక్స్‌ప్రెస్సు, మన స్టేషన్లో నిలవదు" అన్నది. నిజమే. గుంతకల్లు, అనంతపురాల మధ్య మా స్టేషను మీదుగా దుమ్ము లేపుకుంటూ పోయే బండ్లను జీవితమంతా చూసినవాళ్ళం. 4, 5 ఎక్స్‌ప్రెస్సులు, 6 ప్యాసింజరు అని ఆ ఒక్క ముక్కతో బోధపడింది. పక్కన నిలబడ్డ ఒక చైనా పెద్దావిడ మా చేతిలోని కాగితం చూసి, మాటలేమీ లేకుండా, ఎదుటి దిక్కు రైలు ఎక్కడ వస్తుందో చెయ్యి పట్టి చూపించింది.

సొరంగాలలో ఫోను పలకలేదు. గంటన్నర మా జాడ తెలియక మా అమ్మాయి ఆఫీసులో ఏడ్చిందట. ఇంటికి వచ్చాక, "ఇంక మీరిద్దరూ నేను లేకుండా యాడికీ పోవద్దు నాన్నా" అన్నది. ఆమె భయం అబద్ధం కాదు. అయినా ఆ రాత్రి నేను కాస్త కఠినంగానే మాట్లాడాను. "నిన్ను పదిహేడేళ్ళ పిల్లప్పుడు తిరుపతి హాస్టలుకు పంపిన రాత్రి మీ అమ్మ నిద్రపోలేదు. అయినా మరునాడు బస్సెక్కించింది గదమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. పొద్దున లేచేసరికి బల్లమీద ఇంకొక కాగితం ఉంది: ఎక్కడ రైలు మారాలో ఎర్రసిరాతో, కింద తన ఆఫీసు చిరునామా, ఇంటి చిరునామా.

ఆ కాగితంతో మేము చాలా తిరిగాము. ముప్పై మూడో వీధిలో దిగి నలభై రెండో వీధిలోని గ్రంథాలయానికి నడిచేవాణ్ణి. 1911లో కట్టిన ఆ భవనం ముందు రెండు పాలరాతి సింహాలున్నాయి. వాటి పేర్లు సహనం, ధైర్యం. డబ్బు అడగకుండా, పని ఏమిటని అడగకుండా లోపలికి రానిస్తారు. గ్రంథాలయం పక్కనే 7వ నంబరు రైలు. అది క్వీన్స్ చేరాక భూమి పైకి వచ్చి, మేడల మీదుగా ఫ్లషింగు దాకా పోతుంది. చివరి స్టేషనులో దిగి ఇరవై నిమిషాల పైచిలుకు నడిస్తే బౌన్ స్ట్రీటులో మహావల్లభ గణపతి దేవస్థానం. 1977 జూలై 4న ప్రతిష్ఠ జరిగిన ఆలయం అది. కింద క్యాంటీనులో దోసెలు వేస్తారు. ఊదారంగు గుండ్రంలో 7 ఉంటే అన్ని స్టేషన్లలో ఆగుతుందని, అదే వజ్రం ఆకారంలో ఉంటే ఎక్స్‌ప్రెస్సని కనిపెట్టినది కూడా మా ఆవిడే.

టాక్సీ ఒక్కసారే ఎక్కాము. ఆమె మోకాలు వాచి, వాన పడుతున్న రోజున. పసుపు టాక్సీ. నడిపే ఆయన బంగ్లాదేశువాడు, మా వచ్చీరాని హిందీ ఆయనకు చాలింది. ఆ నగరంలో పసుపు టాక్సీ నడపాలంటే బండి బానెటు మీద ఒక లోహపు బిళ్ళ ఉండాలి. 1937 చట్టంతో ఆ బిళ్ళల సంఖ్యకు పరిమితి పెట్టారు. పరిమితి ఉన్నదానికి ధర పెరుగుతుంది: 2014 నాటికి ఒక్కొక్కటి పది లక్షల డాలర్లు దాటింది. అప్పుచేసి కొన్నారు. తరువాత ఫోను టాక్సీలు విస్తరించాయి, బిళ్ళ ధర కూలిపోయింది, అప్పు మాత్రం నిలిచింది. 2018లో పలువురు డ్రైవర్లు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో డ్రైవర్లు నగరపాలక భవనం ముందు నిరాహారదీక్ష చేస్తే, ఆ నవంబరులో 1,70,000 డాలర్ల మేర అప్పుకు నగరం హామీగా నిలబడే ఒప్పందం కుదిరింది. ఆయన ఈ కథంతా చెప్పి మాది ఏ ఊరని అడిగాడు. శెనక్కాయ పంట, వాన రాని ఏడు, బ్యాంకు అప్పు గురించి చెప్పబోయి, మా జిల్లాలో పురుగుమందు తాగిన రైతుల మాట దగ్గర ఆగిపోయాను. ఆయనకు అర్థమైంది. దిగేటప్పుడు మీటరు మీద అదనంగా ఇవ్వబోతే చిల్లర తిరిగి ఇచ్చేశాడు. కొడుకు కారులో తిరిగితే ఈ మనిషి మాకు కలిసేవాడు కాడు.

ఇక నేను చెప్పదలచినది. అమెరికాలోని బిడ్డలారా, తల్లిదండ్రులకోసం ఇల్లు మారమని, ఉద్యోగం మారమని అడగడం లేదు. ఇద్దరు బిడ్డలుండి, ఒకరు రైలు దగ్గర, ఒకరు రైలు లేనిచోట ఉంటే, ఆ ఆరు నెలల్లో నాలుగు రైలు దగ్గరి బిడ్డ ఇంట ఉండనివ్వండి. ఇల్లు చిన్నదని నామోషీ పడకండి. వచ్చిన మొదటి శనివారం చూడదగ్గ ప్రదేశాలకు తీసుకుపోకుండా, ఎక్కే స్టేషను, దిగే స్టేషను చూపించి, ఒకసారి వారిని ముందు నడవనిచ్చి మీరు వెనుక నడవండి. టాక్సీయే దిక్కైన ఊరైతే వారి ఫోనులో, వారి పేరుతో, కొంత డబ్బు వేసిన కార్డుతో పెట్టివ్వండి. ఎక్కడికి పోయారో మీకు తెలియకపోతే కొంపలేమీ మునగవు. ఇంకొక సంగతి మీలో చాలామందికి తెలియదు: 1974 నాటి కేంద్రచట్టం వల్ల, కేంద్రం నిధులు తీసుకునే రవాణా సంస్థలు రద్దీ లేని వేళల్లో వృద్ధుల దగ్గర సగం ఛార్జీకి మించి తీసుకోకూడదు. ఏ ఊళ్ళో దానికి ఏ పత్రం అడుగుతారో ముందే విచారించి పెట్టండి.

చలి, మంచు, దొంగల భయం, జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు ఇవన్నీ మీరు చెబుతారు. ఒప్పుకుంటాను. మంచు కురిసిన రోజున మేమూ గడప దాటలేదు. రాత్రి పొద్దుపోయాక రైలెక్కలేదు. రద్దీ లేని పెట్టెలో, ఎవరో తనలో తాను అరుచుకుంటుంటే భయపడి, తరువాతి స్టేషనులో పెట్టె మారిన రోజూ ఉంది. అనంతపురం బస్టాండులో జేబు కొట్టేవాళ్ళు లేరా? అక్కడ ఎలా మెలగాలో మాకు తెలిసినట్టే, అక్కడా కొంతకాలానికి తెలుస్తుంది.

పెద్దలదీ తప్పుంది, దాచను. బస్సెక్కేవాడు లేనివాడు, కారెక్కేవాడు కలవాడు అని ఈ పిల్లలకు నేర్పినదెవరు? డల్లాసులో కొన్న మొదటి కారు ఫోటో మా అబ్బాయి పంపితే, స్టాఫ్‌రూములో అందరికీ చూపించినవాణ్ణి నేనే. అక్కడికి వెళ్ళాక తోవ అడగడానికి సిగ్గుపడేది కూడా మనమే. ఊళ్ళో ముక్కూముఖం తెలియనివాణ్ణి ఆపి, "ఈ దావ యాడికి పోతుందప్పా" అని అడిగేవాళ్ళం, అక్కడ ఇంగ్లీషు తప్పు దొర్లుతుందని నోరు మూసుకుంటాము. నా అనుభవంలో ఆ నగరంలో దారి చెప్పనివాడు లేడు. వేగంగా చెబుతారు, అంతే. రెండోసారి అడగాలి.

డిసెంబరు మొదటివారంలో, మేము తిరుగుప్రయాణానికి సర్దుకుంటున్న రోజుల్లో, అదే అపార్టుమెంటులో ఉన్న ఇద్దరు అమ్మలను వెంటబెట్టుకొని మా ఆవిడ ఫ్లషింగు వెళ్ళింది. ఒకరు గుంటూరువారు, ఒకరు కరీంనగరువారు. అంతకుముందు ఇద్దరూ రైలెక్కలేదు. నన్ను రావద్దన్నది. నేను ఇంట్లో కూర్చొని గడియారం చూశాను, చాలాసార్లు చూశాను. మా అమ్మాయి ఆఫీసు నుండి మూడుసార్లు ఫోను చేసింది. సాయంత్రం నాలుగున్నరకు ముగ్గురూ నవ్వుకుంటూ, ప్రసాదం పొట్లాలతో వచ్చారు. దారిలో ఎక్కడైనా తప్పినారా అని అడిగితే, "ఒగతూరి తప్పితిమి. దిగి, మళ్ళ ఎక్కితిమి" అన్నది.

2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఇప్పుడామె ఆధార్ కార్డు చూపి సున్నా టికెట్టు తీసుకొని, వారానికి రెండుసార్లు అనంతపురం పోయివస్తోంది. మా అబ్బాయి ఈ ఏడు మళ్ళీ రమ్మంటున్నాడు. ఇల్లు మారాడట, ఇంకా పెద్దదట. టికెట్లు తీయకముందే వాడిని ఒకటే అడిగాను, గుమ్మం నుండి బస్టాపు ఎన్ని అడుగులని. కనుక్కొని చెబుతానన్నాడు. పదిరోజులైంది.